ఉప్పు లేని తునకలు

టేకులపల్లి
9 ఫిబ్రవరి 2025

అక్కకు,

నీ తమ్ముడు సారంగపాణి రెండు చేతులూ జోడించి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాడు. ఇక్కడ నేను, నీ మరదలు తిరుమల, మా కుక్క సైరన్ ముగ్గురమూ బాగున్నాం. ముగ్గురిలో బాగా తిని లావెక్కింది మాత్రం సైరనే.

ఊరంతా ఫోన్లలో మాట్లాడుకుంటుంటే మనిద్దరం ఇంకా కాగితాలు ఖరాబు చేస్తున్నామని నీ బిడ్డ మధులత నవ్వుతుందట. నవ్వనీ. ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో డ్రిల్లు మిషన్ పక్కన నిలబడి నా చెవులు అక్కడే వదిలేసి వచ్చాను. నీకేమో ఫోన్లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. మా పక్కింటి బిచ్యా ఖమ్మం బస్సులో కండక్టర్ కాబట్టి మన పోస్టాఫీసు నడుస్తోంది.

అసలు సంగతి ఏమిటంటే, సైరన్ పళ్ళకు పాచి పట్టింది. పశువుల డాక్టర్ చూసి, "బిస్కట్లు బంద్ చెయ్యి పెద్దాయనా. ఎండబెట్టిన మాంసం ముక్క పెట్టు, నమిలి నమిలి పళ్ళు సాఫ్ అయితయ్. గానీ ఉప్పు, కారం, మిరియం, ఉల్లి, ఎల్లిపాయ ఏదీ తాకనియ్యకు" అన్నాడు. నాకు వినపడలేదని చివరికి చీటీ మీద రాసిచ్చాడు.

మాంసం ఎండబెట్టడం మనకు కొత్తేం కాదు. అమ్మ ఉన్నప్పటి నుంచీ ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద తునకలు ఆరేస్తూనే ఉన్నాం. కానీ ఉప్పు లేకుండా ఎండబెట్టడం ఎట్లాగో మనకెవరికీ తెలియదు. షుకూర్ దుకాణంలో అరకిలో కార్జం కొంటుంటే అతను కత్తి ఆపి, "ఏంది సారంగన్నా, మా ఇంట్ల పిల్లలు ఒక్క కార్జం ముక్కకు కొట్లాడుకుంటరు. నీ కుక్కకు అరకిలోనా?" అన్నాడు. పొడుగ్గా కోసి దండెం మీద వేశాను. రెండో రోజుకే వాసన. తిరుమల ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఇంట్ల అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె, ఇయ్యాల తేల్చు" అంది. అంతా తీసుకెళ్ళి పెరట్లో పూడ్చాను. సైరన్ అది తవ్వుకుని తినేసి రెండు రోజులు పొట్ట పట్టుకుని పడుకుంది.

అయినా వదలను. ఉప్పు లేకుండా మాంసం నిలవ ఉండే ఉపాయం పట్టే తీరుతాను.

నీ ఆరోగ్యం ఎట్లా ఉంది? బాగున్నా అని ఊరికే రాయకు, నిజం రాయి.

నీ చెవిటి తమ్ముడు
సారంగపాణి

*

ఖానాపురం హవేలి, ఖమ్మం
17 ఫిబ్రవరి 2025

తమ్ముడు సారంగపాణికి బతుకమ్మ అక్క నిండు దీవెనలు. తిరుమలకు కూడా. సైరన్‌కు ఈసారికి లేవు, పూడ్చింది తవ్వి తిన్నందుకు.

నీ ఉత్తరం చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. నోరు తెరిస్తే నీది బాయి మాట, కలం పడితే మాత్రం పంతులు భాష. ఆ పంతులు బెత్తం నా వీపు మీద కూడా విరిగింది కాబట్టి నిన్ను ఏమీ అనలేను.

నా ఆరోగ్యానికేం, గుండ్రాయిలా ఉన్నాను. మధు, అల్లుడు పొద్దున్నే బండ్లేసుకుని డ్యూటీలకు పోతారు. ఇంట్లో నేనూ, వాళ్ళు తెచ్చిపెట్టిన టోబీ. అది కుక్కో దూడో నాకిప్పటికీ తెలియదు. ఇదివరకు సాయంత్రం వీధి చివరి దాకా నడిచేదాన్ని. ఇప్పుడు ఎందుకో బద్ధకం, గేటు దగ్గరే కుర్చీ వేసుకుంటున్నాను. ఒక్కటే కష్టం. మధు వంట ఈ మధ్య మరీ చప్పగా ఉంటోంది. పప్పు చప్పన, చారు చప్పన, మజ్జిగ చప్పన. అత్తగారింటికి పోయి వంట మరిచిపోయిందేమోనని అడిగితే మొహం తిప్పుకుంటుంది.

అందుకే నీ డబ్బా కోసం చూస్తున్నా. కుక్క తునకల గురించి రెండు పేజీలు రాశావు, నా తునకల గురించి ఒక్క ముక్క లేదు. శివరాత్రి వెళ్ళి ఎండ ముదరగానే నీ స్టీలు డబ్బా రావాలి కదా. నువ్వు బాయిలోకి అన్నం మోసుకెళ్ళిన డబ్బా, మూత మీద నీ నంబరు కొట్టి ఉన్నది. నా పెళ్ళయిన ఏడాది నుంచి ఒక్క ఏడు కూడా తప్పలేదు. నువ్వు తునకలు పంపడం, నేను అందులో గారెలో మురుకులో, ఏమీ కుదరకపోతే నాలుగు నిమ్మకాయలో పెట్టి తిప్పి పంపడం. ఖాళీ డబ్బా గడప దాటించొద్దని అమ్మ మాట. ఆయన పోయిన ఏడు కూడా మధు చేత రెండు బెల్లం ముక్కలు పెట్టించి పంపాను, గుర్తుందా?

ఉప్పు కాస్త ఎక్కువే వెయ్యి ఈసారి.

అక్క
బతుకమ్మ

*

టేకులపల్లి
10 మార్చి 2025

అక్కకు నమస్కారం చేసి రాస్తున్నది,

ఉపాయం దొరికింది. రెండో వాయి బూజు పట్టింది, మూడోది కాకులు ఎత్తుకుపోయాయి, నాలుగోది కుదిరింది. రహస్యం ఏమిటో చెప్తాను. మాంసాన్ని ఫ్రిజ్‌లో సగం గడ్డ కట్టించి, పదునైన కత్తితో కాగితమంత పల్చగా కోయాలి. మరిగే నీళ్ళలో ముంచి తీయాలి. గుడ్డతో తడి అద్ది, రేకుల మీద రెండు రోజులు కాల్చే ఎండలో పెట్టాలి. పైన పల్చటి పాత చీర కప్పాలి. ఆ తర్వాత ఒక పూట కుంపటి సెగన. కట్టె బొగ్గుల సెగ, అది కూడా చెయ్యి ఓర్చుకునేంతే. బాయి బొగ్గు వేసి చూశాను, సైరన్ వాసన చూసి నా వంక చూసింది, తినలేదు. ముక్క విరిస్తే టప్పున విరగాలి. వంగితే లోపల తడి ఉన్నట్టు, మళ్ళీ సెగకు పెట్టాలి.

కార్జంతో కుదిరింది, గుండెకాయతో కుదిరింది. ఇప్పుడు మెత్తటి మాంసంతో చేస్తున్నాను. షుకూర్ అయితే, "అన్నా, నీ కుక్క మా దుకాణానికి పెద్ద గిరాకీ. దాని పేరు బోర్డు మీద రాయిస్త" అంటున్నాడు.

మీ టోబీకి ఒక పొట్లం కార్జం తునకలు పంపుతున్నాను. రోజుకు రెండే పెట్టండి.

నీ డబ్బా ఈ ఏడు కొంచెం ఆలస్యమవుతుంది అక్కా. చేయి ఇంకా కుదరలేదు. ఏమీ అనుకోకు.

ఇంకో మాట. నీ కాళ్ళు ఎట్లా ఉన్నాయి? చెప్పులు పడుతున్నాయా? ఈ మధ్య నాకు అమ్మ కాళ్ళు పదే పదే యాదికొస్తున్నాయి. పోయే ముందు ఏడాది అమ్మ చెప్పులు తొడగలేకపోయింది. డాక్టర్ వద్దన్నా ఉప్పు మానలేదు. అప్పుడు అమ్మకు అరవై ఒకటి. నీకిప్పుడు ఎంతో వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టాను.

నీ తమ్ముడు
సారంగపాణి

*

ఖానాపురం హవేలి
19 మార్చి 2025

సారంగపాణికి,

దీవెనలు ఎప్పుడూ ఉంటాయి, ఈసారి కొంచెం కోపం కూడా కలిపి పంపుతున్నాను.

బిచ్యా పొట్లం ఇచ్చి, "పెద్దమ్మా, మీ తమ్ముడు పంపిండు" అంటే నాదే అనుకుని కొంగుతో చేతులు తుడుచుకుని మరీ అందుకున్నా. విప్పబోతే పైన "టోబీకి" అని రాసి ఉంది. కుక్క పేరుతో పార్సిలు వచ్చిన ఇల్లు ఈ వీధిలో మాదొక్కటే. ఆ టోబీ మొత్తం తిని కాగితం కూడా నాకి, అప్పటి నుంచి బస్సు హారన్ వినపడితే గేటు దగ్గరికి పరుగెత్తుతోంది.

ఇన్నేళ్ళు కుదిరిన చేయి ఈ ఏడు కుదరలేదంటే నేను నమ్మాలా? కుక్కకు ఎండపెట్టడానికి కుదిరింది, అక్కకు కుదరలేదు. నెల రోజులు ఎండలో నిలబడి దానికి కార్జం, దానికి గుండెకాయ, దానికి మెత్తటి మాంసం. మెత్తటి మాంసం మనం చిన్నప్పుడు ఏడాదికి ఎన్నిసార్లు తిన్నాం రా? నువ్వు నీ వాటా ముక్క దాచి నాకు పెట్టేవాడివి. ఆ తమ్ముడు ఏమయ్యాడని అడుగుతున్నాను.

నా కాళ్ళ సంగతి నీకు ఎవరు రాశారు? ఏమీ లేదు. ఎండలకు కొంచెం నీరు దిగి ఉంటుంది, అందరికీ దిగుతుంది. చెప్పులు కొత్తవి కొన్నాను, పాతవి తెగిపోయాయి కాబట్టి. అమ్మ సంగతి తెచ్చి నన్ను భయపెట్టకు.

డబ్బా పంపితే పంపు, లేకపోతే లేదు. అడుక్కోవడం నాకు రాదు.

బతుకమ్మ

*

టేకులపల్లి
6 ఏప్రిల్ 2025

అక్కకు,

ఇదిగో నీ డబ్బా. బిచ్యాతో, "డ్రైవర్ సీటు ఎన్క పెట్టు తమ్మీ, ఎవరూ తొక్కొద్దు" అని చెప్పి పంపుతున్నాను. అతను ఏమన్నాడో నాకు వినపడలేదు కానీ తల ఊపాడు.

ఏడు రోజులు పట్టింది. తిరుమల రెండు రాత్రులు కుంపటి దగ్గర నాతో పాటు మేలుకుంది. వాసన గొడవ మరిచిపోయి, ఇప్పుడు నాకే పాఠాలు చెప్తోంది.

కూరలో వేయకు. పులుసులో వేయకు. ఊరికే ఒక్కో ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నములు. మొదటి ముక్కకే తీర్పు చెప్పకు అక్కా, మూడో ముక్క దాకా ఆగు. ఆ తర్వాత ఎట్లా ఉందో రాయి. బాగా లేకపోతే అదీ రాయి, మళ్ళీ చేస్తాను.

ఇంతకంటే ఎక్కువ రాయలేను.

నీ తమ్ముడు
సారంగపాణి

*

ఖానాపురం హవేలి
10 ఏప్రిల్ 2025

సారంగపాణికి,

నీ డబ్బా చేరింది. మూత మీద నీ నంబరు చూసి ముందు కళ్ళకద్దుకున్నాను. ఆ మాట ఎందుకు రాస్తున్నానంటే, ఆ తర్వాత జరిగింది నీకు బాగా అర్థం కావాలని.

ఒక ముక్క తీసి నాలుక మీద పెట్టాను. ఉప్పు లేదు. పేరుకు కూడా లేదు. వెంటనే ఉమ్మేశాను. మూడో ముక్క దాకా ఆగమన్నావు, ఎందుకు ఆగాలి? అది కుక్క తునక అని గుర్తుపట్టడానికి నాకు మూడు ముక్కలు కావాలా?

సైరన్ డబ్బా నాకు వచ్చింది. అంటే నాది సైరన్‌కు పోయి ఉంటుంది. ఉప్పు, కారం పట్టించినవి అది తిన్నదేమో, ముందు దాని సంగతి చూసుకో, నీకు అదే కదా ముఖ్యం. లేదంటే కుక్కకు చేసి చేసి అక్కకు ఉప్పు వేయాలన్న మాటే మరిచిపోయావు. రెండింట్లో ఏది నిజమైనా నాకొకటే.

మధుకు చెప్పలేదు. నా తమ్ముడు నాకు కుక్క తిండి పంపాడని నా బిడ్డతో ఏ నోటితో చెప్పను? టోబీ ముందు రెండు ముక్కలు పడేశాను. తిని, నాలుగుసార్లు తుమ్మి, మిగతాది వదిలేసి పోయింది. దానికి కూడా నచ్చలేదు చూడు. మిగిలినవి దాని బిస్కట్ల డబ్బాలో పోశాను.

నీ డబ్బా కడిగి, తుడిచి, బిచ్యా చేతికి ఇచ్చాను. ఈ ఉత్తరం తప్ప అందులో ఏమీ పెట్టలేదు. తెలిసే పెట్టలేదు.

బతుకమ్మ

*

టేకులపల్లి
18 ఏప్రిల్ 2025

అక్కకు,

డబ్బా అందింది. బిచ్యా చేతిలోంచి తీసుకోగానే తేలిగ్గా ఉంది. అయినా మూత తీసి ఉత్తరం కింద చెయ్యి పెట్టి తడిమాను. తిరుమల చూస్తోందని, ఉత్తరానికి ఇంకో కాగితం ఉందేమోనని వెతికినట్టు చేశాను.

తప్పు నాదే. డబ్బా మారలేదు, కానీ తప్పు మాత్రం నాదే. ఇంతకంటే చెప్పడానికి లేదు, ఒకరికి మాట ఇచ్చాను. ఇక ఎండబెట్టడం బంద్ చేశాను. కుంపటి అటక మీద పెట్టాం. సైరన్ ఇంకా రేకుల కింద పడుకుని పైకి చూస్తోంది. షుకూర్ నిన్న రోడ్డు మీద ఆపి, "ఏమైందే అన్నా, కుక్క ఉపాసముంటుందా?" అన్నాడు. ఏదో చెప్పి తప్పించుకున్నాను.

నా మీద కోపం ఉండనీ. ఒక్కటి మాత్రం అడుగుతాను, అది చెయ్యి చాలు. మంచం మీద కూర్చుని కాలి మడమ పైన వేలితో నొక్కు. పది అంకెలు లెక్కపెట్టి వేలు తియ్యి. అక్కడ గుంట అట్లాగే ఉండిపోతే మధు చెప్పిన మాట విను. అమ్మ కాలికి నేను నొక్కి చూసేవాణ్ణి. ఆ గుంట పూడేలోపు నేను బూట్లు వేసుకుని డ్యూటీకి బయలుదేరేవాణ్ణి. ఆ రోజు కూడా అట్లాగే పోయాను. సాయంత్రం బాయిలోంచి పైకి వచ్చేసరికి అమ్మ పోయిందన్న కబురుతో నువ్వు బాయి గేటు దగ్గర నిలబడి ఉన్నావు. అట్లాంటి కబురు ఇంకోసారి అందుకునే బలం నాకు లేదక్కా.

సారంగపాణి

*

ఖానాపురం హవేలి
25 ఏప్రిల్ 2025

నా తమ్ముడు సారంగపాణికి,

అక్క దీవెనలు. ముందు డబ్బా మూత తీయకు. ఇది పూర్తిగా చదివి తియ్యి.

నీ ఉత్తరం చదివి వేలితో నొక్కాను. పది లెక్కపెట్టాను. గుంట పడింది. టోబీ వచ్చి వాసన చూసి పోయింది, అప్పటికీ పూడలేదు.

ఆదివారం మధు టోబీకి బిస్కట్లు పెట్టబోయి ఆగింది. "అమ్మా, గీ తునకలు ఎక్కడియి? వీటికి మిరియాలు ఎందుకున్నయ్? టోబీకి ఎవరు పెట్టిన్రు?" అంది. మిరియాలా అని దగ్గరికి పోయి చూశాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. పల్చటి ముక్క మీద నల్లగా మిరియం, పక్కన ధనియాల పొడి. వాసన చూస్తే నిమ్మకాయ. నాలుక మీద ఉప్పు కోసం వెతుక్కుని ఉమ్మేసినదాన్ని, ఇవేవీ నాకు తెలియలేదు. కుక్కకు మిరియం తాకనివ్వొద్దని నీ మొదటి ఉత్తరంలోనే రాశావు. టోబీ నాలుగుసార్లు తుమ్మిందని నేనే రాశాను. రెండు కాగితాలూ నా పెట్టెలోనే ఉన్నాయి, పక్కపక్కనే.

మధు నా మొహం చూసి ఏడుపు మొదలుపెట్టింది. "నీ గుండెకు బాగలేదు, ఉప్పు ఇడిసిపెట్టాలె అని డాక్టర్ చెప్పిన నాడే మామకు మెసేజ్ పెట్టిన. నువ్వు చెప్పొద్దంటివి, నేను ఆగలేకపోయిన. నేను చెప్పినట్టు నీకు తెల్వనీయనని మాట ఇచ్చిండు. నువ్వు ఉప్పు లేకుండ ఏది తింటవో అని అప్పటికెళ్ళి ఆ కుక్క మీద నేర్చుకుంటుండు" అంది.

నీకు ఎందుకు చెప్పొద్దన్నానో విను. అమ్మ పోయినప్పుడు నువ్వు మూడు రోజులు మెతుకు ముట్టలేదు. గోడకు ఆనుకుని, ఆ బూట్లు కూడా విప్పకుండా కూర్చున్నావు. నా గుండె సంగతి తెలిస్తే మళ్ళీ అట్లా కూర్చుంటావని భయపడ్డాను. నువ్వేమో కూర్చోలేదు, కత్తి పట్టుకుని ఎండలో నిలబడ్డావు. దానికి నేను ఖాళీ డబ్బా పంపాను. అమ్మ ఉంటే నా చెంప పగలగొట్టేది.

మధు పోయాక టోబీ బిస్కట్ల డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాను. బిస్కట్ల మధ్య నుంచి నీ తునకలు ఏరుకున్నాను. పొడి కాకుండా మిగిలినవి పదకొండు దొరికాయి. కుక్క డబ్బా నాకు పంపావని నిన్ను అన్ని మాటలు అన్నదాన్ని, కుక్క డబ్బాలోంచే తీసుకుని తిన్నాను. టోబీ పక్కన కూర్చుని నా నోటి వంకే చూసింది. మొదటి ముక్కకు ఏమీ తెలియలేదు. రెండోదానికి నిమ్మకాయ తెలిసింది. మూడో ముక్కకు మాంసం రుచి తెలిసింది రా, ఉత్త మాంసం రుచి. అమ్మ ఉప్పు పట్టించక ముందు మనం దొంగతనంగా కాల్చుకుని తిన్న ముక్క రుచి. నమలుతూ ఏడ్చాను. ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది మధుకు కూడా తెలియదు. ఆమె చప్పగా వండుతుంటే, ఆమె డ్యూటీకి పోయాక నేను నా అన్నంలో ఉప్పు వేసుకుంటూ వచ్చాను. పాత కళ్ళజోడు పెట్టెలో పొట్లం కట్టి దాచుకున్నాను. మీరిద్దరూ నా కోసం అంత అవస్థ పడుతుంటే నేను రోజూ దొంగతనం చేశాను. అందుకే కాళ్ళ వాపు తగ్గలేదు. రేపు మధుకు కూడా చెప్తాను, తిట్లు తింటాను.

కుంపటి అటక మీద నుంచి దించు. పదకొండూ అయిపోయాయి. మిరియాలు కొంచెం తగ్గించు, నాకూ తుమ్ములు వచ్చాయి.

ఇప్పుడు మూత తియ్యి. డబ్బా ఖాళీగా పంపడం లేదు. ఆ కళ్ళజోడు పెట్టె లోపల ఉంది, మిగిలిన ఉప్పుతో పొట్లం అట్లాగే ఉంది. నువ్వు కూరలో వేసుకో, పారబొయ్యి, నీ ఇష్టం. సైరన్‌కు మాత్రం పెట్టకు, డాక్టర్ వద్దన్నాడు కదా. నాకూ వద్దన్నాడు.

నీ అక్క
బతుకమ్మ